గోరు పసుపెక్కితే ముందు పరీక్ష, తర్వాతే మాత్ర

బదిలీ మీద కోల్‌కతా వచ్చి భవానీపూర్‌లో కాపురముంటున్న మన కుటుంబాలకు వానాకాలంలో వీధిలో నిలిచే నీళ్లు కొత్త కాదు. తడిసిన సాక్సులు, బూట్లతోనే సాయంత్రం దాకా బ్యాంకులో కూర్చుంటే కాలివేళ్ల సందుల్లో ఫంగస్ పెరగడానికి అదను దొరుకుతుంది. అక్కడి నుంచి అది గోటి కిందికి పాకుతుంది. గోరు పసుపెక్కి, మందమై, అంచున పొడిలా రాలుతుంది.

అయితే ఇలా పాడైన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్ వల్ల. సోరియాసిస్, దెబ్బ, బిగుతు బూట్లు కూడా గోరును ఇలాగే మారుస్తాయి. అందుకే మందుల షాపుకు కాకుండా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి. భవానీపూర్ పక్కనే ఉన్న ఎస్‌ఎస్‌కేఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. గోటి ముక్క, దాని కింది పొడి తీసి కేఓహెచ్ పరీక్ష చేస్తే ఫంగస్ ఉందో లేదో తెలుస్తుంది.

అంచుకే పరిమితమైతే నెయిల్ పాలిష్‌లా పూసే అమోరోల్ఫిన్ సరిపోవచ్చు. ముదిరితే టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తారు. పెద్దలకు సాధారణంగా రోజుకు 250 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు. ముందుగా లివర్ పరీక్ష చేయిస్తారు.

కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. పాత గోరు పూర్తిగా పోయి కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. రంగు మారలేదని మందు మధ్యలో ఆపకండి.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఆలస్యం చేయవద్దు. వారికి గోటి పక్కన చిన్న గాయమైనా పుండుగా మారవచ్చు.

ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవండి. రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకోండి. నెయిల్ కట్టర్ ఎవరిది వారికే ఉంచండి.