ట్యాంకు ఖాళీగా ఉన్నా పెట్రోలు ఎందుకు పట్టదు?

బంకులో కారు ఆపి ట్యాంకు నింపమంటాం. రెండు లీటర్లయినా పడకముందే గన్ ‘టక్’మని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్. వెనక బండ్లవాళ్లు హారన్లు మొదలుపెడతారు. బంకు కుర్రాడి మీదో, మీటరు మీదో మనకు అనుమానం వస్తుంది. కానీ చాలాసార్లు అసలు కారణం కారులోనే ఉంటుంది. ట్యాంకులోని గాలి బయటకు పోయే దారి మూసుకుపోవడమే ఆ కారణం.

సన్నమూతి బిందెను నీళ్లలో ముంచితే బుడబుడమంటూ నిండుతుంది. ఆ బుడగలు లోపలి నుంచి తప్పుకుంటున్న గాలి. ట్యాంకులోకి ఒక లీటరు పెట్రోలు వెళ్లాలన్నా, ఒక లీటరు గాలి, ఆవిరి బయటకు రావాల్సిందే. ఇందుకోసం చాలా కార్లలో పెట్రోలు పోసే గొట్టం పక్కనే సన్నని బ్రీదర్ పైపు ఉంటుంది. కొన్నింటిలో ఆవిరి ‘కానిస్టర్’ అనే డబ్బా గుండా వెళ్తుంది. అందులోని ఉత్తేజిత బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు దాన్ని పీల్చుకుని మండిస్తుంది.

మరి గన్‌కు ఎలా తెలుస్తుంది? దాని కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. గన్ లోపలి ఇరుకు దారిలో పెట్రోలు వేగంగా పారుతున్నప్పుడు అక్కడ పీడనం తగ్గి, ఆ రంధ్రం గుండా గాలి లోపలికి వస్తుంటుంది. ఇదే వెంచురి ప్రభావం. పెట్రోలు పైకి వచ్చి రంధ్రాన్ని మూయగానే గాలి అందదు. పీడనం మరింత పడిపోయి, పిడిలోని పలుచని పొర కదిలి వాల్వును మూసేస్తుంది. గాలికి దారి లేనప్పుడు పెట్రోలు గొట్టంలోనే వెనక్కి తన్నుకొచ్చి అదే రంధ్రాన్ని మూస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా, గన్ దృష్టిలో అది నిండినట్టే.

ఇలా జరిగితే ముందు గన్‌ను కాస్త తిప్పి, నెమ్మదిగా పోయమనండి. తర్వాత మరో బంకులో ప్రయత్నించండి. అక్కడ సాఫీగా నిండితే తేడా మొదటి గన్‌లోనే. ఎక్కడికెళ్లినా ఇదే తంతయితే బ్రీదర్ పైపు నలిగిందేమో, కానిస్టర్ గాలి దారిలో దుమ్ము, బురద, పురుగులు చేరాయేమో మెకానిక్‌తో చూపించాలి. సాలీళ్ల వల్ల కూడా ఈ దారి మూసుకుపోవచ్చు. ట్యాంకు గాలి గొట్టంలో అవి గూళ్లు కడుతున్నాయని 2011లో అమెరికాలో మాజ్దా సంస్థ వేలాది కార్లను వెనక్కి పిలిపించింది. మీరే పుల్లతో పొడవడం, పైపులు ఊడదీయడం మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

మన చేతులారా తెచ్చుకునే సమస్య మరొకటుంది. గన్ ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకొంచెం పోయించడం మనలో చాలామందికి అలవాటు. అలా పొంగిన పెట్రోలు కానిస్టర్‌లోకి చేరితే బొగ్గు తడిసి పనికిరాకుండా పోవచ్చు. పైగా పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే 40 లీటర్ల పెట్రోలు సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ట్యాంకు పైభాగంలో ఖాళీ వదిలేది అందుకే. కాబట్టి నిండిన ట్యాంకు దగ్గర మొదటి ‘టక్’ వినగానే చాలనండి, బిల్లు 1,987 రూపాయల దగ్గర ఆగినా సరే.