మాటలాడు గంట: ధ్వనిపలకను మైక్రోకంట్రోలరునకు జతపరచు విధము

చేతిఫోనులో పాట వినని బాలుడు నేడు మన ఆత్మకూర్ (ఎస్) మండలమున అరుదు. అయినను ఆ ఫోనులో పాట లేదనియు, అంకెలు మాత్రమే యున్నవనియు చెప్పినచో నమ్మువారు కొలదిమందియే. ఆ అంకెలు శబ్దమగు మార్గమును మన పై తరగతుల విద్యార్థులు తమ చేతులతో చేసి చూడగోరుచున్నారు. వారు తలపెట్టినది మాటలాడు గంట. మామూలు గంట మ్రోగునే గాని ఎన్నవ పీరియడో చెప్పదు. చూపు మందమైన పిల్లలకు గోడగడియారము అక్కరకు రాదు. గంటయే "మూడవ పీరియడు" అని పలికినచో వారు ఇతరుల నడుగ నక్కరలేదు. అయితే తల్లిదండ్రులలో కొందరు, "పిల్లలు తీగె తప్పుగా కలిపిన పలక కాలిపోవునట గదా, ఆ డబ్బెవరిది?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. అందులకును ఈ వ్యాసమున సమాధానము చెప్పుదుము.

చెరువు తూము దగ్గర గుర్తులు చెక్కిన రాతిని చూచియుందురు. గంటకొకసారి నీటిమట్టమును చూచి వ్రాసికొన్నచో, ఆ పట్టికను బట్టి నీరు పెరిగి తరిగిన తీరును మరల గీయవచ్చును. శబ్దమనగా గాలి యొత్తిడి పెరుగుట, తరుగుట. దానిని సెకనునకు వేలమార్లు కొలిచి వ్రాసినచో అంకెల శబ్దమగును. ఈ పద్ధతిని 1937లో అలెక్ రీవ్స్ అను ఇంజనీరు కనిపెట్టెను. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కునందు సెకనునకు 44,100 కొలతలు; ఒక్కొక్క కొలత 16 బిట్లు, అనగా 65,536 మెట్లు. మానవుని చెవి సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. కొలతలు అందులకు రెట్టింపుకంటె మించియుండవలెను గావున ఆ సంఖ్య ఏర్పడెను.

ఇక ఈ కొలతలను తిరిగి విద్యుత్తుగా మార్చు పని. మన ప్రయోగశాలలలో వాడుకలో నున్న ఆర్డుయినో ఊనోకు ఆ శక్తి లేదు. దాని కాళ్లు ఉన్నది, లేదు అను రెండు మాటలే ఎరుగును. 2016లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ వెలువరించిన ఈ.ఎస్.పి.32కు 25, 26 సంఖ్యల కాళ్లయందు మార్పిడి యంత్రము కలదు గాని, అది 8 బిట్లది. 65,536 మెట్ల నిచ్చెనను 256 మెట్లకు కుదించినట్లు! మాట వినబడును, దానితోపాటు బుసబుసయు వినబడును. కావున మార్పిడిని వేరొక పలకకు అప్పగించి, దానికి అంకెలను అంకెలుగనే పంపుట మేలు.

అట్లు పంపుటకు ఫిలిప్స్ సంస్థ 1986లో ఒక కట్టుబాటు ఏర్పరచెను. దాని పేరు ఐ2ఎస్. మూడు తీగెలతో పని జరుగును. డ్రిల్లు మైదానమును తలచుకొనుడు. మాస్టరుగారి తాళము ఒకటి. అది బిట్ గడియారము. "లెఫ్ట్, రైట్" అను కేక రెండవది. ఇందు కేక అక్షరాల అదే, ఏలయన ఆ తీగె క్రిందుగా నున్నపుడు ఎడమ చెవి అంకె, మీదుగా నున్నపుడు కుడి చెవి అంకె. మూడవది అడుగు వేయు విద్యార్థుల వరుస, అనగా అంకెలు. పెద్ద స్థానపు బిట్టు ముందు నడుచును. కేక మారిన తరువాత ఒక తాళము విడిచి నడక మొదలిడును. డిస్కు ప్రమాణమున తాళము వేగము 44,100 × 16 × 2, అనగా సెకనునకు 14,11,200. ఇంత వేగము గావుననే తీగెలు జానెడుకంటె పొడవుండరాదని మేము పట్టుపట్టుదుము.

పలకలలో రెండు జాతులు ఎక్కువగా దొరకును. పి.సి.ఎమ్.5102ఎ చిప్పు గల పలక స్వచ్ఛమైన శబ్దమిచ్చును, కాని అది స్పీకరును నడుపలేదు. దాని వెనుక వేరుగా ఆంప్లిఫయరు కావలెను. మ్యాక్స్ 98357ఎ గల పలకయందు మార్పిడియు, ఆంప్లిఫయరును కలిసియే యున్నవి. 5 వోల్టులిచ్చిన 4 ఓముల స్పీకరునకు సుమారు 3 వాట్లు అందించును. గంటకు ఇదియే తగినది. మొదటి దానిని కొని, స్పీకరు తగిలించి, "పలక చెడినది" అని పారవేయువారు గలరు. పలక చెడలేదు, ఎన్నిక చెడినది.

జతపరచు విధము. ఈ.ఎస్.పి.32 యొక్క 26వ కాలిని పలకపై బి.సి.ఎల్.కె. అని వ్రాసిన చోటను, 25వ దానిని ఎల్.ఆర్.సి. వద్దను, 22వ దానిని డి.ఐ.ఎన్. వద్దను కలుపుడు. ఈ కాళ్లు ప్రోగ్రాములో మార్చుకొనదగినవే, కాని 34 నుండి 39 వరకు గలవి వినుటకే గాని పలుకుటకు పనికిరావు. 6 నుండి 11 వరకు గలవి లోపలి ఫ్లాష్ జ్ఞాపకమునకు చెందినవి, వాని జోలికి పోరాదు. రెండు పలకల భూమి తీగెలు తప్పక కలియవలెను. వి.ఐ.ఎన్.కు 5 వోల్టుల కాలినుండి విద్యుత్తు ఇయ్యుడు, 3.3 వోల్టుల కాలినుండి కాదు, అంత భారము మోయుట దానికి కష్టము. గెయిన్ అను కాలిని ఊరక విడిచిన 9 డెసిబెళ్ల బలము వచ్చును. ఎస్.డి. అనుదానిని భూమికి తగిలించిన పలక నిద్రించును. పలకతో వచ్చు సూదికాళ్లను టంకముతో అతికియే వాడవలెను. ఊరక దూర్చిన ఒకమారు పలికి పదిమార్లు మూగవోవును. టంకము అలవాటు లేనివారు సూర్యాపేటలో టి.వి.లు బాగుచేయువారి సాయము కోరవచ్చును.

పలక నష్టపోవు మార్గములు ముఖ్యముగా మూడు. ధన, ఋణ తీగెలు తారుమారగుట ఒకటి. 5 వోల్టుల తీగె ఈ.ఎస్.పి.32 కాళ్లకు తగులుట రెండవది, అవి 3.3 వోల్టులకు మించి ఓర్వవు. మూడవది పెద్దలకును తెలియనిది. ఈ ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొనలను నడుపును. రెంటిలో ఏదియు భూమి కాదు. పాత అలవాటుచొప్పున ఒక కొనను భూమికి కలుపరాదు, ఆ రెండు కొనలను మరియొక ఆంప్లిఫయరునకు అందించరాదు. తీగె మార్చునపుడెల్ల యు.ఎస్.బి. తీసివేయు నియమమును పెట్టుకొని, కలిపిన పిదప తోడి విద్యార్థి ఒకడు పటముతో సరిచూచిన తరువాతనే విద్యుత్తు ఇచ్చినచో, తల్లిదండ్రుల డబ్బు చాలవరకు క్షేమము. పోయినను పోవునది కొన్ని వందల రూపాయలు. స్పీకరు కొననేల? పాత ట్రాన్సిస్టరు రేడియోలోని 8 ఓముల స్పీకరు చక్కగా పనిచేయును.

బిగ్గరగా పలికినపుడు ఈ.ఎస్.పి.32 తనంతట తానే మరల మొదటినుండి ప్రారంభమగుచున్నచో, అది విద్యుత్తు చాలమి. పలక దగ్గర 470 మైక్రోఫారడుల కెపాసిటరు నొకదానిని, ధన ఋణములు చూచి, అడ్డముగా నుంచవలెను.

ఆరంభమున మాట వద్దు. సెకనునకు 440 కంపనముల శ్రుతిని పంపి వినుడు. అది నిలకడగా వచ్చిన పిమ్మట మాటకు పోవచ్చును. మాట ఎలుక కీచుమన్నట్లు, రెట్టింపు వేగమున వచ్చినచో, ఒంటి చెవికి వ్రాసిన అంకెలను రెండు చెవులకు పంచుచున్నారన్నమాట. ఒక్కొక్క అంకెను రెండుమార్లు పంపవలెను. మాటకు ముందు "టక్" మన్నచో, వేవ్ ఫైలు తలకట్టునందలి 44 బైట్లను కూడ శబ్దముగా పలికించుచున్నారు. వానిని దాటి చదువుడు. మాట పోలికయే లేక గరగరమన్నచో 8 బిట్ల ఫైలును 16 బిట్లదిగా చదివిరేమో చూడవలెను.

తుదకు జ్ఞాపకస్థలము. డిస్కు ప్రమాణమున ఒక్క నిమిషమునకు 1,05,84,000 బైట్లు కావలెను; సామాన్యముగా దొరకు ఈ.ఎస్.పి.32 పలకయందు 4 మెగాబైట్ల ఫ్లాష్ మాత్రమే యుండును. కాని గంటకు సంగీతపు సొంపు అక్కరలేదు. సెకనునకు 16,000 కొలతలు, ఒంటి చెవి, 16 బిట్లు చాలును. అప్పుడు మూడు సెకనుల పలుకునకు 96,000 బైట్లు. పది పలుకులకు 9,60,000. ఫ్లాష్‌లో ఫైళ్లకు భాగము కేటాయించినచో వేరుగా కార్డు లేకయే పట్టును. ఆ పది పలుకులను ఎవరి గొంతుతో పట్టవలెనన్నది ఇంకను తేలలేదు. ఎనిమిదవ తరగతి బాలికలు తమ గొంతే కావలెనని పట్టుబట్టుచున్నారు.