పర్మిట్ ఉంది సరే... అలవాటు మాటేమిటి?

“పెద్దమ్మా! రాంగ్ సైడ్!”

వెనక సీట్లోంచి మా చెల్లెలి కొడుకు అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది.

చెల్లెలి పురిటికి సాయంగా కాలిఫోర్నియా వెళ్లానప్పుడు. ఓ ఆదివారం పొద్దున్నే పాలు తెద్దామని, ఏడేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని కారు తీశాను. కొట్టు దగ్గర్నించి మళ్లీ రోడ్డెక్కేసరికి ఒక్క బండి లేదు. చెయ్యి దానంతటదే కారుని ఎడమ పక్కకి పోనిచ్చింది. వాడు అరవకపోతే మలుపులో ఎదురొచ్చిన వ్యాను... తల్చుకుంటే ఇప్పటికీ కాళ్లూ చేతులూ వణుకుతాయి.

అలాగని డ్రైవింగ్ రానిదాన్నేం కాదు. మా విజయపురి సౌత్ నుంచి మాచర్లకి ఎన్నిసార్లు నడుపుకెళ్లానో! గేదెల మంద అడ్డొచ్చినా, సాగర్ చూడవచ్చే టూరిస్టు బస్సులు ఎదురొచ్చినా బెదరలేదు. ఆ ధీమాతోనే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను.

అదేం కష్టం కాదు. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా నకళ్లు జతచేసి 4-ఏ ఫారం నింపి 1000 రూపాయలు కడితే, ఏడాది చెల్లే పర్మిట్ ఇస్తారు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం చాలా దేశాలు దాన్ని ఒప్పుకుంటాయి. కుడి పక్కన నడపగలవా అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికది మన లైసెన్సుకి అనువాదం లాంటిదే. మరి నాకా లైసెన్సు ఎలా వచ్చింది? ఖాళీ స్థలంలో ముందుకీ వెనక్కీ నడిపితే ఐదు నిమిషాల్లో పాస్!

కాలిఫోర్నియాలో అయితే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి 18 ఏళ్లు నిండి, సొంత దేశపు లైసెన్సు ఉంటే చాలు. అక్కడే కాపురముండేవాళ్లు మాత్రం 10 రోజుల్లోగా అక్కడి లైసెన్సుకి వెళ్లాలి. రాత పరీక్ష, ఆపైన అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద పరీక్ష. హైదరాబాదులో పన్నెండేళ్లు నడిపిన మా మరిది మొదటిసారి తప్పాడు. స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపకుండా మెల్లగా పోనిచ్చాట్ట! అతనికే అన్ని పరీక్షలుంటే, నిన్నగాక మొన్న దిగిన నాకు ఒక్కటీ లేదు. విచిత్రం కదూ?

అక్కడ అన్నీ తిరగబడ్డట్టే ఉంటాయి. స్టీరింగు ఎడమ పక్క. సిగ్నల్ వేయబోతే అద్దం మీద వైపర్లు ఆడతాయి. స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, మామూలు రోడ్ల మీద ఎదురొచ్చే బళ్లు కూడా ఆగాలి. రద్దీలో పర్వాలేదు, ముందు బండిని చూసి నడుపుతాం. ఖాళీ రోడ్డు మీదే పాత అలవాటు లేచి కూచుంటుంది.

జరిగింది దాచకుండా చెప్పాను. చెల్లెలు ఒక్క మాటా అనలేదు. తాళంచెవి మాత్రం తీసి బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత మా మరిది పక్కన కూర్చుని వారం రోజులు నడిపించాకే మళ్లీ నా చేతికిచ్చింది.

పర్మిట్ ఇచ్చేటప్పుడే అక్కడి పద్ధతుల మీద గంటసేపు చెప్పి, నాలుగు ప్రశ్నలడిగితే ఏం పోయింది? ఆ రోజు వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. అక్కడి నిబంధనల పుస్తకం ముందే చదవాలి. మొదటి రోజుల్లో తెలిసినవాళ్లు పక్కన లేకుండా, వెనక పిల్లల్ని పెట్టుకుని బండి తీయకూడదు.

పిల్లలు విదేశం వెళ్తున్నారంటే ఆవకాయ సీసా మూత పదిసార్లు చూసుకుంటాం. ఈ సంగతి కూడా ఒక్కసారి చెవిన వేద్దామా?