బ్రేకుల్లో ఎయిర్ తీయడం: ఏ చక్రంతో మొదలుపెట్టాలి?

బ్రేక్ పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంటే మెకానిక్ చెప్పే మాట ఒకటే: "ఎయిర్ పట్టింది, తీయాలి." ఈ పనినే బ్లీడింగ్ అంటారు. ఇంట్లోనూ చేసుకోవచ్చు, కానీ వరస తెలియాలి.

మీ కాలి ఒత్తిడిని చక్రాలకు చేరవేసేది ద్రవం. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పెంచిన పీడనం అన్నివైపులా సమానంగా చేరుతుందని పాస్కల్ సూత్రం. ద్రవం దాదాపు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. ఒక లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న మాస్టర్ సిలిండర్, గొట్టాల్లో 2 మిల్లీలీటర్ల గాలి అనుకుందాం. పీడనం 50 అట్మాస్ఫియర్లకు చేరితే బాయిల్ సూత్రం ప్రకారం ఆ గాలి 0.04 మిల్లీలీటర్లకు కుంచించుకుపోతుంది. ఆ మేరకు పిస్టన్ 6 మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. పెడల్ నిష్పత్తి 4 అయితే మీ పాదం దాదాపు రెండున్నర సెంటీమీటర్లు వృథాగా దిగుతుంది. అరచెంచాకన్నా తక్కువ గాలి చేసే పని ఇది!

పాత నియమం ప్రకారం మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికన్నా దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగించాలి. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు, మాస్టర్ సిలిండర్ సాధారణంగా డ్రైవర్ ముందే. కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. అమెరికన్ వీడియో చూసి చేస్తే ఎడమ, కుడి తారుమారవుతాయి. దూరపు చక్రంతో మొదలుపెడితే ఉమ్మడి గొట్టంలోని గాలి, పాత ద్రవం ముందే బయటికొచ్చేస్తాయి. దగ్గరి కొమ్మలో మిగిలేది కొంచెమే.

అయితే ఇది అన్ని కార్లకూ వేదవాక్కు కాదు. ఇప్పటి కార్లలో రెండు వేర్వేరు సర్క్యూట్లుంటాయి. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ముందు కుడి చక్రానికి వెనక ఎడమ చక్రంతో జత. అలాంటప్పుడు ఒక జత పూర్తిచేశాకే రెండోది చేయమని కంపెనీ చెప్పవచ్చు. ఏబీఎస్ యూనిట్‌లో చిక్కిన గాలి కొన్ని కార్లలో స్కాన్ టూల్ లేకుండా రాదు. నా ఉద్దేశంలో ముందు సర్వీస్ మాన్యువల్, తర్వాతే పాత నియమం.

పనిలో అసలు కిటుకు ఇద్దరి మధ్య సమన్వయం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవారు నిప్పల్ వదులుచేసి, బుడగలు వచ్చాక బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. ఒకసారి నేను బిగించకముందే మా బావ కాలు తీసేశాడు. గొట్టం చివర సీసాలోని ద్రవంలో మునిగి లేదు, తీసిన గాలంతా మళ్లీ లోపలికి! రిజర్వాయర్ ఖాళీ అయినా అదే గతి. మధ్యమధ్యలో నింపుతుండాలి. కారును జాకీ మీదే నమ్మి వదలకండి, స్టాండ్లు వేయండి.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, ఎక్కువగా గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 155కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగి ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. అవీ గాలిలాగే నొక్కుకుపోతాయి. అందుకే ఎన్నాళ్లుగానో మూత తెరిచి ఉన్న డబ్బాలోది పోయకండి. ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

చివరగా ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కారు కదలకుండా పెడల్ అర నిమిషం తొక్కి పట్టుకోండి. బూస్టర్ వల్ల మొదట కొంచెం దిగడం మామూలే. అలాగే దిగుతూపోతే, లేదా మెత్తగానే ఉంటే, కారు గేటు దాటించకండి.