గుండు లేని తుపాకులు



విజయదశమి నాడు ఆయుధములను పూజించుట మనకు తరతరములుగా వచ్చుచున్న ఆచారము. దీపావళి వచ్చినదనిన మగపిల్లలు రీలు తుపాకి కొనిపెట్టుమని మారాము చేయుట యెల్లరు నెఱిగినదే. ఆయుధముతో నెన్నడును పనిపడని శాంతమైన గృహములందు గూడ ఆయుధరూపముపై ఇట్టి మక్కువ యుండుట వింతయే. నిజమైన తుపాకి యింట నుంచుకొనుటకు చట్టము సమ్మతింపని దేశమున ఈ మక్కువ యే దారి పట్టును? దానివలన గృహమునకు కీడు కలదా, లేదా? ఈ విషయమున జపాను దేశస్థుల అనుభవము గృహిణులు తెలిసికొనదగినదని మేము తలంచుచున్నాము.

ఆ దేశమున తుపాకి వ్యాపించుటయే నకలుతో మొదలైనది. 1543వ సంవత్సరమున తానెగాషిమ యను దీవికి వచ్చిన పోర్చుగీసువారి యొద్ద ఆ దీవి ప్రభువు రెండు తుపాకులు కొని, వానిని చూచి అట్టివే చేయుడని తన కమ్మరుల కాజ్ఞాపించెను. కొన్ని దశాబ్దములలో అట్టి తుపాకులు వేలకొలదిగ యుద్ధభూములకు పోయెను. 1588లో హిదెయోషి యను పాలకుడు రైతుల యొద్ద నున్న కత్తులు, బల్లెములు, విండ్లు, తుపాకులు అన్నియు అప్పగింపవలయునని శాసించెను. ఆ యినుము మహాబుద్ధ విగ్రహ నిర్మాణమున మేకులకు వినియోగపడునని ప్రజలకు చెప్పెను. 1876లో సైనికులు, పోలీసువారు మొదలగువారు తక్క ఎవ్వరును కత్తి ధరించి బయట తిరుగరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఓటమి కలిగిన పిమ్మట ప్రజల యొద్ద నున్న ఆయుధములు మరల తీసికొనబడెను. నేటి కట్టుబాట్లకు మూలమైన తుపాకుల, కత్తుల చట్టము 1958లో ఏర్పడినది.

ఈ చట్టము ననుసరించి వేటకో, గురి పోటీలకో తుపాకి కోరువాడు ముందుగా తరగతికి పోయి పాఠము వినవలెను. వ్రాతపరీక్షయందును, కాల్చు పరీక్షయందును నెగ్గవలెను. మనస్సు నిలుకడగా నున్నదని వైద్యుని పత్రము తేవలెను. పోలీసువారు కుటుంబమువారిని, ఇరుగుపొరుగువారిని గూడ విచారింతురు. తుపాకి యొకచోట, తూటాలు వేఱొకచోట తాళము వేసి యుంచవలెను. మొదట రవ్వగుండ్ల తుపాకి దొరకును. రైఫిలు కావలెననిన, సాధారణముగా అట్టి తుపాకిని పదియేండ్లు మచ్చలేక కాపాడియుండవలెను. ఇక పిస్తోలు సంగతి యడుగనక్కరలేదు. పోటీలకై యెన్నుకొనబడిన కొలదిమంది క్రీడాకారులకు తప్ప సామాన్య గృహస్థునకు అది దుర్లభము.

ఇట్టి దేశమున 1960 తరువాత ‘మోడలు గన్’ అను వస్తువు పుట్టినది. చలనచిత్రములలోను, టెలివిజనులోను అమెరికా పశువుల కాపరుల కథలను, గూఢచారుల కథలను చూచి ముచ్చటపడిన యువకులు ఆ పిస్తోళ్ళ రూపమైనను చేతబట్టవలెనని కోరిరి. తయారీదారులు ప్రసిద్ధమైన తుపాకులను కొలతలు తీసి, అంగుళము తప్పకుండ నకళ్ళు చేసిరి. ఇవి పిల్లల ఆటబొమ్మలు కావు. మీట నొక్కిన సుత్తి పడును. తూటాల పెట్టె ఊడివచ్చును. విప్పి, తుడిచి, మరల కూర్చవచ్చును. బొమ్మ తూటాలో చిన్న మందుబిళ్ళ నుంచి ప్రేల్చినయెడల, ఆ వాయువు త్రోపుడుచే పైభాగము వెనుకకు జరిగి వట్టి తూటా యెగిరిపడును. గుండు మాత్రము రాదు. ప్రేల్చిన తరువాత మసి, ఉప్పు అంటి లోహమును తినివేయును గనుక, విడదీసి నీటితో కడిగి, తడి లేకుండ ఆర్చి, నూనె వ్రాయవలెను. చింతపండుతో తోమిన రాగిబిందెను వెంటనే కడిగి తుడువకున్న చిలుమెక్కునని మన కెఱుకయే గదా! ఈ సంరక్షణ చాలమందికి కాల్చుటకంటెను ప్రీతికరమైనది. ఒక్కొక్క నకలును అద్దపు బీరువాలో నిలిపి, అది యే దేశపుది, ఏ సంవత్సరమున పుట్టినది, దాని యంత్రమున విశేషమేమి యని చెప్పగలుగుట వారికి గర్వకారణము.

ఇంతవరకు ఇది నిర్దోషమైన వేడుకయే. కాని 1970 మార్చి 31న తొమ్మండుగురు యువకులు టోకియో నుండి ఫుకువోకకు పోవు విమానమును కత్తులతోను, పిస్తోళ్ళతోను, బాంబులతోను బెదరించి చెరబట్టిరి. ప్రయాణికులను దక్షిణ కొరియాలోని సియోలు నగరమున విడిచి, తాము ఉత్తర కొరియాకు పోయిరి. ఆ పిస్తోళ్ళు నకళ్ళని తరువాత తేలినది. నకలైననేమి, ఎదుట నున్నవాని గుండె ఆగిపోవుటకు అది చాలును.

ఇచ్చట మాకు భారతకథ స్ఫురించుచున్నది. యుద్ధానంతరమున ధృతరాష్ట్రుడు భీముని కౌగిలింప బిలిచినపుడు శ్రీకృష్ణుడు ఇనుప భీముని ముందుకు త్రోసెను. అంధుడగు రాజు ఆ ప్రతిమనే భీముడనుకొని నుగ్గు చేసెను. అచ్చట నకలు ఒక ప్రాణమును కాపాడినది. విమానములో నకలు అనేక ప్రాణములను చెరబట్టినది. రెండు చోట్లను నకలు చేసిన పని భ్రమ కలిగించుటయే. కాబట్టి ఆ భ్రమ యెవని చేత, ఎందులకు కలుగుచున్నదో చూడవలెను.

1971లో జపాను ప్రభుత్వము చట్టమును సవరించినది. లోహముతో చేసిన పిస్తోలు నకలునకు గొట్టము పూర్తిగా మూసివేయవలెను. ఒడలంతయు తెలుపో, పసుపో యుండవలెను. అట్లు లేని దానిని ఇంట నుంచుకొనుటయే నేరమయ్యెను. నల్లని నిగనిగకు మురిసిపోవువారికి ఇది యెంత బాధాకరమో యూహింపవచ్చును. తయారీదారులు పసుపు అన్న మాటను ఆధారము చేసికొని బంగారు పూత పూసిన పిస్తోళ్ళను చేసిరి! మరికొందరు లోహమును విడిచి ప్లాస్టిక్కును పట్టిరి. దానికి రంగు నియమము లేదు. బరువు తక్కువయను లోటు తీరుటకు లోహపు పొడిని కలిపి పోతపోయుట గూడ నేర్చుకొనిరి.

కంటిని మోసగింపకుండుట కిది చాలును గాని, నకలును నిజమైన దానిగ మార్చు దుర్మార్గపు చేతిని ఆపుట యెట్లు? 1977లో మరల చట్టము సవరింపబడినది. లోహపు నకళ్ళను మెత్తని తుత్తునాగపు మిశ్రలోహముతో చేసి, గొట్టములో గట్టి ఉక్కు ముక్కను ఇమిడ్చి పోతపోయవలసి వచ్చినది. దానిని తొలిచి గుండునకు దారి చేయ బూనుకొన్నచో మెత్తని గొట్టమే ముందు పాడగును. ఈ నియమమునకు లోబడినదని తెలుపుటకు తయారీదారుల సంఘము ‘ఎస్.ఎమ్.జి.’ యను ముద్ర వేయించుచున్నది. చిన్న ప్లాస్టిక్కు గుండ్లను గాలితో విసరు తుపాకులు వేఱొక జాతి. 2005లో కొందరు వీనిని బలవత్తరముగ మార్చి, బాటపై పోవు వాహనములపై కొట్టినందున, 2006లో వీని బలమునకు హద్దు విధింపబడెను. 6 మిల్లీమీటర్ల గుండునకు ఆ హద్దు ఒక జౌలుకంటె కొంచెము తక్కువ.

రంగు నియమమును చిన్నచూపు చూచువారు అమెరికాలో జరిగిన దారుణమును తలంపవలెను. ఆ దేశమున 1988లో చేసిన చట్టము ప్రకారము ఆట తుపాకి కొనకు నారింజ రంగు గుర్తు ఉండవలెను. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండు నగరములోని యొక తోటలో 12 ఏండ్ల బాలుడు, ఆ గుర్తు లేని గాలి పిస్తోలు నకలుతో ఆడుకొనుచుండెను. పోలీసువారు వచ్చిన రెండు మూడు క్షణములలోనే వారి గుండు తగిలి, మరునాడు మరణించెను. ఆ నకలు ఎవ్వరికిని గాయము చేయలేదు. అయినను ఆ తల్లికి కడుపుకోత మిగిలినది. చేతనున్నది బొమ్మయని బాలునకు తెలియును. చూచువారి కెట్లు తెలియును? బ్రిటను దేశము గూడ 2006లో చేసిన చట్టముచే, అచ్చముగ నిజమైన తుపాకివలె కన్పట్టు నకళ్ళ అమ్మకమును, కొన్ని మినహాయింపులతో, నిషేధించినది.

నకళ్ళను ఎంత కట్టడి చేసినను హింస సమసిపోవునని చెప్పజాలము. 2022 జూలై 8న జపాను మాజీ ప్రధాని షింజో ఆబేను నారా నగరమున చంపినవాడు బీరువాలోని నకలును ఎత్తలేదు. గొట్టములు కూర్చి స్వయముగ తుపాకి చేసికొనెను. కీడు తలంచిన మనస్సునకు నకలుతో పనిలేదు. అందువలన తుపాకి నకలు ఇంట నున్నంత మాత్రమున బిడ్డ క్రూరుడగునని భయపడుట యుక్తము కాదని మా యభిప్రాయము. సంవత్సరముల తరబడి ఒక యంత్రమును విప్పి, తుడిచి, దాని చరిత్ర చదువువాడు ఓర్పును, శుభ్రతను అభ్యసించుచున్నాడు. అయినను ఆ వేడుక యితరుల భయమునకు కారణము కాకుండ చూచుకొనుట వాని ధర్మము.

మన దేశమునందును లైసెన్సు పద్ధతి క్రొత్తది కాదు. 1878లో ఆంగ్ల ప్రభుత్వము విధించిన ఆయుధ చట్టమునకు బదులు 1959లో స్వతంత్ర భారతము వేఱొక చట్టము చేసికొనినది. నేడు మన బజారులందు గూడ నిజమైన వానిని బోలిన ఆట తుపాకులు దొరకుచున్నవి. కావున తల్లులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. ఆట తుపాకి కొనునపుడు దూరమునుండి చూచినను బొమ్మయని తెలియు రంగుదానినే యెంచుడు. రంగు గీకివేయుటకు గాని, నలుపు పూయుటకు గాని ఒప్పుకొనకుడు. అది వట్టిదైనను మనుష్యుని ముఖమునకు గురిపెట్టరాదను నియమమును మొదటి దినముననే నేర్పుడు. వీధిలోనికి తీసికొనిపోవలసి వచ్చినచో సంచిలో నుంచి పొమ్మనుడు. బాలుడు కొంచెము పెద్దవాడై నకళ్ళపై మక్కువ చూపినయెడల కసరివేయక, ‘ఇది ఎవరు చేసిరి? ఏ యుద్ధమున వాడిరి? దానివలన ఎందరి యిండ్లు పాడయ్యెను?’ అని ప్రశ్నించుడు. ఆ మూడవ ప్రశ్నకు గూడ వాడు పుస్తకములు వెదకి యుత్తరము తెచ్చెనేని, ఆ బొమ్మను నిశ్చింతగ మీ బీరువాలో నుండనిండు.