మేడ్చల్–శామీర్‌పేట క్యాంపస్‌లు: సౌకర్యాలు ఎవరికి అందుతున్నాయి?

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంటే ఒకప్పుడు చెరువులు, వరి మళ్ళు, ద్రాక్షతోటలు. ఇవ్వాళ అది చదువుల పట్టీ. శామీర్‌పేటలో 1998 చట్టంతో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జవహర్‌నగర్ దగ్గర 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. కండ్లకోయ, మైసమ్మగూడ, ధూలపల్లి వైపు పోతే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల బస్సులే బస్సులు. ఏ కాలేజీ బ్రోచర్ తెరిచినా ఒకటే పాట: కంప్యూటర్ ల్యాబ్, వైఫై, డిజిటల్ లైబ్రరీ, కౌన్సెలింగ్ సెంటర్, ప్లేస్‌మెంట్ సెల్.

ఈ సౌకర్యాలు లేవని మేము అనడం లేదు. మా ప్రశ్న వేరు. మాదిగ, మాల, ఉపకులాల ఇళ్ళ నుంచి మొదటిసారి చదువుకు వచ్చిన పిల్లలు ఆ సౌకర్యం దాకా చేరాలంటే ఎన్ని గేట్లు దాటాలి? బ్రోచర్‌లో ఉన్నది సౌకర్యం. చేతికి అందితేనే అది హక్కు. ఈ రెంటి మధ్య దూరాన్ని వివరించడమే ఈ వ్యాసం పని.

మొదటి గేటు: సీటు

క్యాంపస్‌లో అడుగుపెట్టనివాడికి వైఫై ఎంత వేగంగా ఉంటే ఏం? నల్సార్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ దారి క్లాట్ పరీక్ష గుండా పోతుంది. అది ఇంగ్లీషు పరీక్ష. దానికి కోచింగ్ ఒక పెద్ద వ్యాపారం. అప్లికేషన్ ఫీజే వేలల్లో ఉంటది. ఈ అడ్డంకిని గుర్తించే 2010లో షమ్నాద్ బషీర్ ‘ఇడియా’ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. పేద, అణగారిన వర్గాల పిల్లల్ని వెతికి, శిక్షణ ఇచ్చి, లా స్కూళ్ళకు పంపడం దాని పని. మంచిదే. అయితే ప్రభుత్వం చెయ్యాల్సిన పని దాతల మీద, వలంటీర్ల మీద ఆధారపడి నడుస్తున్నదన్న సంగతి మరువరాదు.

బిట్స్‌ది ఇంకో కథ. అది ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీ. అక్కడ కుల ప్రాతిపదికన రిజర్వేషన్ లేదు. 93వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు సంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టవచ్చని చెప్పింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ పార్లమెంటు 2006లో చేసిన చట్టం కేంద్ర విద్యాసంస్థలకే పరిమితమైంది. రాజ్యాంగం తలుపు తీసింది, చట్టం గడప దాటలేదు. అదే జవహర్‌నగర్‌లో నగరం చెత్తంతా వచ్చి పడే డంపింగ్ యార్డు ఉంది. ఆ చెత్త ఏరుకొని బతికే ఇళ్ళ పిల్లలకు ఆ క్యాంపస్ కూతవేటు దూరమూ కాదు, దగ్గరా కాదు. అది వాళ్ళ లెక్కలోనే లేదు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మన పిల్లలు వచ్చేది ప్రధానంగా మొదటి దారినే, ఫీజు రీయింబర్స్‌మెంట్ భరోసాతో.

రెండో గేటు: ల్యాప్‌టాప్, స్కాలర్‌షిప్

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు. 1942లో అంబేద్కర్ వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు శాస్త్ర, సాంకేతిక చదువులు అందాలని పట్టుబట్టాడు. 1944లో స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. సాంకేతిక విద్యను ఆయన అప్పుడే అధికారం సంగతిగా చూశాడు.

ఇప్పుడు ఆ డబ్బు నడిచే దారి చూడండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవకు పోవాలి. ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌తో వేలిముద్ర వెయ్యాలి. కాలేజీ తన లాగిన్ నుంచి పైకి పంపాలి. సంక్షేమ శాఖ మంజూరు చెయ్యాలి. బిల్లు ట్రెజరీకి చేరాలి. చివరికి డబ్బు విడుదల కావాలి. ఇందులో ఎక్కడ ఆగినా నష్టపోయేది విద్యార్థే. కాలేజీ ల్యాప్‌టాప్ అడిగేది మొదటి వారంలో. డబ్బు వచ్చేది ఎప్పుడో. 2025 నవంబరులో రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య పంచాయితీ నడిచినప్పుడల్లా సర్టిఫికెట్ల కోసం ఆఫీసు కిటికీ ముందు నిలబడేది మన పిల్లలే. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

ఇంకో పథకం ఉంది: షెడ్యూల్డ్ కులాల కోసం కేంద్రం నడిపే టాప్ క్లాస్ ఎడ్యుకేషన్. 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉండి, నోటిఫై చేసిన సంస్థలో చేరితే ట్యూషన్ ఫీజుతో పాటు మొదటి ఏడాది 86,000 రూపాయలు, తర్వాత ఏటా 41,000 ఇస్తుంది. జీవన ఖర్చులు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అన్నీ అందులోనే. ఇది కూడా సంస్థకు కేటాయించిన సంఖ్య మేరకే. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకే ఊరు, ఒకే వాడ. ఒకరు పట్టికలో ఉన్న సంస్థలో చేరారు, ఇంకొకరు పట్టికలో లేని కాలేజీలో. మొదటివాళ్ళకు కంప్యూటర్ హక్కుగా వస్తది. రెండోవాళ్ళు సెల్‌ఫోన్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. మన పిల్లల్లో ఎక్కువమంది రెండోవైపే ఉన్నారు.

ఇంట్లో కంప్యూటర్ ఉండటం మన దేశంలో మామూలు సంగతి కాదు. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. 2020లో క్యాంపస్‌లు మూసి ఆన్‌లైన్ క్లాసులన్నప్పుడు ఈ అంకెలు ఎట్లా కాటువేశాయో అందరం చూశాం.

మూడో గేటు: లైబ్రరీ, భాష

‘ఒకే దేశం ఒకే చందా’ పేరుతో 2025 జనవరి 1 నుంచి కేంద్రం అంతర్జాతీయ పత్రికలను విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్లు. అయితే ఇది ప్రభుత్వ సంస్థలకే. మేడ్చల్ ప్రైవేటు కాలేజీ విద్యార్థి దీని బయటే ఉన్నాడు. అతని ఫీజు ప్రభుత్వమే కడుతుంది, అతని లైబ్రరీ మాత్రం ప్రభుత్వ బాధ్యత కాదట!

ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ, స్వయం కోర్సులు, తీర్పుల కోసం ఇండియన్ కానూన్, 2023లో సుప్రీంకోర్టు ప్రారంభించిన ఈ–ఎస్‌సీఆర్. ఇవి వాడటానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, లేదా మామూలు రిజిస్ట్రేషన్ చాలు. కాని వీటిలో చాలా భాగం ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు అసలు సాంకేతిక సహాయం భాషే. 2007లో ఎయిమ్స్ మీద థోరాట్ కమిటీ చెప్పిందీ ఇదే కోవలోది: ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇంగ్లీషులో, మూల పాఠ్యాంశాల్లో అవసరమైన అదనపు బోధన అందడం లేదని. అదనపు బోధన పెట్టినా దాన్ని ‘వీక్ స్టూడెంట్ల క్లాసు’ అని పిలిస్తే ఆ గదిలోకి ఎవరు పోతారు?

నాలుగో గేటు: చెప్పుకొనే చోటు

‘నీ ర్యాంకు ఎంత?’ అనే ప్రశ్న క్యాంపస్‌లో కులం అడిగే మర్యాద రూపం. ఆ ప్రశ్న తర్వాత ప్రాజెక్టు గ్రూపులో చోటు దొరకదు, నోట్సు పంచే వాట్సాప్ గ్రూపులో పేరుండదు. దీన్ని కౌన్సెలింగ్ సెంటర్ ‘ఒత్తిడి’ అని రాసుకుంటే రోగం బాధితుడిదే అవుతుంది. అవమానానికి మందు ధ్యానం క్లాసు కాదు.

యూజీసీ 2012 నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. అయినా 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. 2019లో ముంబయిలో పాయల్ తడ్వీని. అదే ఏడాది ఇద్దరి తల్లులు, రాధిక వేముల, ఆబేదా తడ్వీ, సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, ఈలోగా 2012 నిబంధనలే నడవాలన్నది. అవి కాగితం మీద పద్నాలుగేళ్ళుగా ఉన్నవే.

మన పని

ఈ పట్టీలో పనిచేసే కార్యకర్తలకు, అధ్యాపకులకు కొన్ని సూచనలు. అడ్మిషన్ల రోజుల్లో సీనియర్ విద్యార్థులు ఈపాస్, టాప్ క్లాస్ దరఖాస్తులకు సహాయ బల్ల పెట్టాలి. వివక్ష నిరోధక అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో నోటీసు బోర్డులో రాయించాలి. ప్రభుత్వ సంస్థను 2005 సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగాలి. ప్రైవేటు కాలేజీ సంగతులైతే, సంక్షేమ శాఖ, అనుబంధ విశ్వవిద్యాలయం చట్టప్రకారం రాబట్టగలిగే సమాచారాన్ని వాటి ద్వారా అడగవచ్చు. కాలేజీలు సెమిస్టర్ మొదట్లోనే ల్యాప్‌టాప్‌లు లైబ్రరీ పుస్తకాల్లాగా అరువివ్వాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రతి కాలేజీకీ పత్రికల చందా వర్తించాలి.

ఇందులో కొత్త విప్లవమేమీ లేదు. ఉన్న జీవోలను, నిబంధనలను అమలు చెయ్యమనడమే ఎక్కువ. సాంకేతికత కులం చూడదని కొందరు నమ్మబలుకుతారు. కంప్యూటర్ చూడకపోవచ్చు. దాని దగ్గరికి ఎవర్ని రానివ్వాలో నిర్ణయించే చేతులు మాత్రం చూస్తాయి. మన పోరాటం ఆ చేతులతోనే.