మానిన కాలేయం మరిచిపోదు

టీబీ మాత్రలు వికటించి కళ్లు పచ్చబడిన మనిషి ఇంట్లో అందరి చూపూ ఒక్క అంకె మీదే ఉంటుంది: కాలేయ రక్తపరీక్షలోని ఎస్‌జీపీటీ. వందల్లోకి ఎగబాకిన ఆ అంకె నలభైకి దిగివచ్చిన రోజున ‘నార్మల్ వచ్చింది’ అని చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి. సంతోషించాల్సిందే. అయితే ఆ కాగితం చెప్పేది కణాలు దెబ్బతినడం ఆగిందని మాత్రమే. బతికి బయటపడ్డ కణాల లోపల ఏం మారిందో అందులో ఉండదు.

హైదరాబాద్‌లో సైదాబాద్ నుంచి ఐఎస్ సదన్ మీదుగా సంతోష్‌నగర్ దాటితే కంచన్‌బాగ్‌లో దక్కన్ వైద్య కళాశాల వస్తుంది. అక్కడి కాలేయ పరిశోధన కేంద్రాన్ని నడిపించిన డాక్టర్ సి.ఎం. హబీబుల్లా 1994లో ఒక సాహసం గురించి ప్రచురించారు. కాలేయం హఠాత్తుగా చేతులెత్తేసిన ఏడుగురికి పిండదశలోని కాలేయ కణాలను పొట్టలోకి ఎక్కించారు. సొంత కాలేయం తేరుకునేదాకా అరువు కణాలతో నెట్టుకురావాలన్నది ఆలోచన. తేరుకుంటుందన్న నమ్మకం ఊరికే రాలేదు. ఎలుక కాలేయంలో మూడింట రెండొంతులు కోసేసినా మళ్లీ పెరుగుతుందని 1931లోనే హిగ్గిన్స్, ఆండర్సన్ చూపించారు.

పెరుగుతుంది, నిజమే. పాతదిలాగే ఉంటుందా అన్నదే ఇప్పటి ప్రశ్న.

కణంలో డీఎన్‌ఏ, కండెకు చుట్టిన నూలులా హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. బిగువుగా ఉన్నచోట జన్యువు పనిచేయదు, వదులైనచోట చేస్తుంది. డీఎన్‌ఏ మీద, హిస్టోన్ల మీద అతుక్కునే మిథైల్, ఎసిటైల్ గుర్తులది ఇందులో పెద్ద పాత్ర. జన్యువు రాత మారకుండా ఈ గుర్తులు మారడమే ఎపిజెనెటిక్స్. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ సంగతి చూడండి: ఎసిటైల్ గుర్తులను తుడిచే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుందని 2001లో తేలింది. అరుదుగానైనా కాలేయాన్ని ఘోరంగా దెబ్బతీసే మందుల్లో అదీ ఒకటి. ఈ రెంటికీ తొందరపడి లంకె వేయకూడదు గానీ, మందు ఆ గుర్తుల దాకా చేరగలదన్నది మాత్రం ఖాయం.

2012లో రెండు అధ్యయనాలు నన్ను కదిలించాయి. మొదటిదానిలో, రసాయన విషంతో చిట్టెలుకల కాలేయంలో మచ్చ కట్టించి, విషం ఆపితే మచ్చ కరిగింది. దాన్ని అల్లిన నక్షత్ర కణాల్లో చాలా చచ్చిపోయాయి, మిగిలినవి నెమ్మదించాయి. మళ్లీ గాయం చేస్తే మాత్రం, ఎన్నడూ దెబ్బ ఎరుగని కణాలకంటే వేగంగా ఇవి రంగంలోకి దిగాయి. రెండోది ఇంకా విచిత్రం. న్యూకాసిల్ శాస్త్రవేత్తలు కాలేయం గాయపడిన మగ ఎలుకల సంతానాన్ని చూస్తే, కొడుకుల్లోనూ మనవల్లోనూ మచ్చ తక్కువ పడింది. తండ్రి శుక్రకణాల్లోనే గుర్తులు మారాయి. ఒకచోట కీడు చేసిన జ్ఞాపకం మరోచోట రక్షగా నిలిచింది. ఇదంతా మనిషిలోనూ అచ్చంగా ఇలాగే జరుగుతుందని మాత్రం చెప్పలేం.

మందులు కాలేయాన్ని దెబ్బతీయడం మన దేశంలో చిన్న విషయం కాదు. 2013 నుంచి 2018 దాకా మందులతో కాలేయం చెడిన 1,288 మందిని పరిశీలిస్తే, 46 శాతం టీబీ మందుల వల్ల, సుమారు 14 శాతం మూలికా, సంప్రదాయ మందుల వల్ల. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం పాడైన 43 మంది వివరాలను హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్ ఆనంద్ కులకర్ణి బృందం దేశమంతటి నుంచీ సేకరించింది.

టీబీ మాత్రలకు కామెర్లు వస్తే డాక్టరు వాటిని ఆపి, అంకె తగ్గాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. ఆ వారాల్లో ఎవరో ఇచ్చిన పసరు మింగితే, అంకె మళ్లీ పెరిగినప్పుడు దేనివల్లో ఆయనకు అంతుపట్టదు. మింగితే దాచకుండా చెప్పండి. ఏ మందు, ఏ నెల, ఎస్‌జీపీటీ ఎంతదాకా పోయింది అన్న కాగితాలను నార్మల్ వచ్చాక కూడా పారేయకండి. పదేళ్ల తర్వాత మోకాలి నొప్పికి వెళ్లినా, డాక్టరు మందు రాయకముందే వాటిని బల్ల మీద పెట్టండి.